దొంగ గేదె నెమరు

గాలికి రాలిన రసాల మామిడిపళ్లు పారేయడం ఎందుకని సలోమోను రెండు తట్టలు తెచ్చి గేదె ముందు కుమ్మరించాడు. వద్దని సవరమ్మ గొంతు చించుకుంది. మొగుడు వింటేగా!

తెల్లారేసరికి గేదె గడ్డి ముట్టలేదు, నెమరూ ఆపేసింది. ఎడమ డొక్క ఉబ్బి, చెయ్యి వేస్తే నీళ్ల తిత్తిలా ఊగుతోంది. చూడి గేదె. వచ్చే నెలలో ఈనాలి.

"అరగలేదంతే. గంజి పోస్తే సర్దుకుంటుందే," అంటూ వచ్చిన మొగుడి చేతిలోంచి సవరమ్మ గిన్నె లాక్కుంది.

"నీ వైద్యం తగలెయ్య! ముందు డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి."

ముసునూరు నుంచి స్కూటీ మీద వచ్చిన పశువుల డాక్టరు వైష్ణవి, డొక్కకి గొట్టం ఆనించి విన్నది.

"చప్పుడే లేదు. గడ్డిని అరిగించేది గేదె ఒక్కటే కాదండీ. దాని పెద్ద పొట్టలో కంటికి కనపడని క్రిములుంటాయి. అవి గడ్డిని నానబెట్టి పులియబెడితే, ఇది పైకి తెచ్చుకుని నమిలి మళ్లీ మింగుతుంది. అంత తీపి ఒక్కసారే పడేసరికి పొట్ట పుల్లబడిపోయి అవి చచ్చాయి. గంజి పోసుంటే ఇంకా పులిసేది."

సవరమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు దూలం వంక చూశాడు.

డాక్టరమ్మ ఇంజెక్షన్ చేసి, వంటసోడా నీళ్లు తాగించింది. "పులుపు విరుగుతుంది. కానీ క్రిములు మళ్లీ చేరాలి. నెమరేస్తున్న గేదె నోట్లోంచి ముద్ద తీసి దీనికి పెట్టాలి. దగ్గర్లో ఎవరికైనా గేదె ఉందా?"

ఉంది. గోడ అవతల తులసమ్మది. తమ గడ్డివామి పీకిందని పోయిన వారం సలోమోను కర్రతో బాది, దొంగ గేదె అని వీధంతా వినేలా తిట్టింది దాన్నే.

"నువ్వెళ్లి అడగవే," అన్నాడు.

"తిట్టింది నువ్వు. అడిగేదీ నువ్వే. నడు!"

తులసమ్మ తీరిగ్గా చేతులు తుడుచుకుంది. "దొంగ నోట్లోది మీ గేదెకి ఎక్కుద్దా, సలోమోనూ?"

"తప్పయిపోయిందండీ."

"నాకెందుకు? దెబ్బలు తిన్నదానికి చెప్పు."

కళ్లు మూసుకుని నెమరేస్తున్న గేదె ముందు నిలబడి సలోమోను తప్పయిపోయిందన్నాడు. గోడ మీంచి తొంగిచూస్తున్న సవరమ్మకి ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. తులసమ్మ గేదె దవడ పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, నురగలు కారే పచ్చటి ముద్ద తీసిచ్చింది.

ఆ ముద్ద తమ గేదెకి మింగించాక, పొద్దు వాలేదాకా సవరమ్మ కొట్టంలోంచి కదల్లేదు. చివరికి డొక్కలో గుడగుడమంది. గేదె గొంతులో ఉండలా ఏదో పైకి పాకింది. దవడ మెల్లిగా పక్కకి కదిలింది. సవరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పాపం, తులసమ్మగారు ఎంత సాయం చేశారే," అన్నాడు సలోమోను. "ఇంకో తట్ట కాయలున్నాయిగా. వాళ్ల గేదెకి పెట్టొస్తా."

సవరమ్మ ఆ తట్ట ఎత్తుకుపోయి కాయలన్నీ పెంటదిబ్బలో కుమ్మరించి, ఖాళీ తట్ట తెచ్చి మొగుడి నెత్తిన బోర్లించింది.