మూడో తరగతి పలుకు

"డాగ్," అంది ప్రమోదిని టీచరు, బోర్డు మీద గీసిన కుక్క బొమ్మకు బెత్తం ఆనించి.

"నాంగ్," అన్నారు మూడో తరగతి పిల్లలు.

ఆమె బెత్తం దించలేదు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి జీడితోటలు దాటి, తుఫాను తరవాత వేసిన కొత్త రేకుల కప్పును టకటకలాడిస్తోంది. ఆ చప్పుడులో తనకే సరిగా వినపడలేదేమో అనుకుని మళ్లీ చెప్పించింది. పలకల మీద అక్షరాలు అందరూ చక్కగానే రాశారు. నోరు తెరిచేసరికి మాత్రం ప్రతి మాటా ముక్కులోంచే వస్తోంది. 'బాల్' అంటే 'మాల్' అన్నారు.

ముందు వరసలో కూర్చునే భానుని లేపింది.

"ఏటమ్మా, జలుబు సేసిందా?"

"లేదు టీచర్. నిన్న మీరు అలగే సెప్పినారు కదా. ఇయాలే ఏరేగా అంటన్నారు."

ప్రమోదిని కుర్చీలో కూర్చుంది. నాలుక దానంతటదే పైకి వెళ్లి అంగిట్లోని మైనాన్ని తడిమింది. తెల్లవారుజామున ప్రార్థన గదిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కను మెత్తబరిచి, అంగిట్లో పడిన చిల్లుకు అదిమి వచ్చింది. ఏడాది కిందట అక్కడ తెల్లటి మచ్చ ఉండేది. అది పుండయింది. వానలు మొదలయ్యేసరికి మిరియం గింజ దూరేంత చిల్లయింది. రేపు విశాఖ నుంచి ఈ బడి నడిపే మిషను వాళ్లు పిల్లల ఇంగ్లీషు వినడానికి వస్తున్నారు. తన మాట తేడాగా ఉందని ఎవరికీ తెలియకూడదని ఈ మైనం. కానీ మైనం పెట్టని ఇన్ని వారాలూ పిల్లలు తన నోరు చూసే నేర్చుకున్నారు. తన రోగం వాళ్ల నోట్లో వినిపిస్తోంది.

తల్లి రత్నాలమ్మ ఒడ్డున చేపలు కొని, గంపకెత్తుకుని ఊళ్ల మీద అమ్మేది. గంప పట్టుకున్న చేతులు ఖాళీ ఉండవు, సముద్రపు గాలి చుట్ట నిప్పును నిలవనివ్వదు. అందుకే ఆ తీరపు ఆడవాళ్లందరిలాగే నిప్పున్న కొసను నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. పొయ్యి దగ్గర తల్లికి చుట్ట అంటించి ఇవ్వడం చిన్నతనంలో ప్రమోదిని పని. అంటించడానికి ఒక పీల్పు, ఆరిపోకుండా ఇంకొకటి. అలా అలవాటైంది. తల్లి దగ్గర చేపలు కొనే మిషను బంగళా దొరసానమ్మే ఆమెను బళ్లో వేసింది. చదువుకుంది, టీచరయింది, గంజి పెట్టిన చీర కట్టింది. తెల్లవారకముందు గది వెనక కూర్చుని కాల్చే ఆ ఒక్క చుట్టను మాత్రం మానలేకపోయింది. తరవాత జామాకు నమిలి బడికి వచ్చేది.

రత్నాలమ్మకూ అంగిట్లోనే పుండు లేచింది. విశాఖ పెద్దాసుపత్రిలో పై దవడ కోసి పంపించారు. ఆ తరవాత ఆవిడ బతికినన్నాళ్లూ ఏమంటోందో ఇంట్లోవాళ్లకే అర్థమయ్యేది కాదు. చేప ధర వేళ్లతో చూపించేది. ప్రమోదినికి చావంటే అంత భయం లేదు. ఆ వేళ్లంటే భయం.

మధ్యాహ్నం వేడి పులుసుకు మైనం ఊడి నాలుక మీదకు వచ్చింది. మంచినీళ్లు తాగబోతే ముక్కులోంచి కారాయి. వంటచేసే సింహాచలమ్మ గిన్నె తోముతూ తలెత్తింది.

"ఏటి టీచరమ్మా, నీళ్లు ముక్కుతో తాగుతన్నావా?"

"పొలమారింది."

"రోజూ పొలమారతాదేటి? నిన్నా సూసినాను, మొన్నా సూసినాను. నోరు తెరు."

"నువ్వేటి డాక్టరువా?"

"డాక్టర్ని కాను గాని, నీ గది ఎనక సుట్ట బూడిద ఊడిసేది నానే కదా. ఇన్నాళ్లూ ఎవులికైనా సెప్పినానా?"

రోజూ ఆ గది వెనక నేల శుభ్రంగా ఉండడం గాలి పుణ్యమని ప్రమోదిని ఇన్నాళ్లూ అనుకుంది. నీడలోకి జరిగి నోరు తెరిచింది. సింహాచలమ్మ తొంగిచూసి, తన నోటికి తనే కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నడుమున దోపుకున్నదీ సగం కాలిన చుట్టే.

"ఇయాలే ఎల్లిపో అమ్మా."

"ఎల్తే మాట ఉండదే. మా అమ్మని సూసినాను."

"ఉన్న మాట ఏటి సేత్తందో తెలుసునా? నీ తరగతిలో సదివే మా మనవరాలు ఈదికుక్కని నాంగ్, నాంగ్ అని ఇంగిలీసులో పిలుత్తంది. ఆ కుక్కేటో తనని కాదనుకుని తొంగుంటంది."

ఇద్దరూ నవ్వారు. ముందు నవ్వు ఆపుకున్నది ప్రమోదిని. రేపు మైనం పెట్టుకుంటే తన మాట దాగుతుంది. పిల్లల మాట దాగదు. వాళ్ల అంగిళ్లు బాగానే ఉన్నాయి. ఆ ముక్కుపలుకు ఇప్పుడు పోకపోతే అదే వాళ్ల ఇంగ్లీషైపోతుంది.

మైనాన్ని చెట్టు మొదట్లో పారేసి, హెడ్మాస్టరు గది గుమ్మం దగ్గర నిలబడింది. లోకనాథ్ మాస్టారు కళ్లజోడు పైకి తోశారు.

"మాస్టారూ, ఒక్కసారి మా తరగతికి రావాలి. పిల్లలకి నాలుగు మాటలు పలికి చూపించాలి. నేను పలకకూడదు."

ఆమె అన్నదంతా ముక్కులోంచే వచ్చింది. ఆయన ఆమె ముఖంలోకి చూశారు. లేచి చెప్పులు వేసుకున్నారు.

తరగతిలో ప్రమోదిని సంచిలోంచి చిన్న గుండ్రటి అద్దం తీసి భాను ముక్కు కింద అడ్డంగా పట్టింది. "అను." భాను "నాంగ్" అంది. అద్దం మసకబారింది.

"సూసినారా, ఊపిరి ముక్కులోంచి వస్తే మసక. ఇది మసకేస్తే తప్పు. నాలాగ అనకండి. మాస్టారిలాగ అనండి."

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు చూసేసరికి ఆగిపోయారు. ఆయన "డాగ్" అన్నారు, "బాల్" అన్నారు. అద్దం వరస పొడుగునా చేతులు మారింది. కొందరు ముక్కు మూసుకుని అన్నారు, కొందరు నవ్వు ఆపుకోలేక మళ్లీ మసక చేశారు. సాయంత్రపు ఎండ కిటికీ దిగేసరికి భాను అన్నా అద్దం తేటగానే ఉంది. ప్రమోదిని గోడకు ఆనుకుని వింటోంది. తను ఒక్క ఇంగ్లీషు మాటా అనకపోయినా తరగతి నడిచింది. అందుకు ఊరట కలిగింది, అందుకే భయమూ వేసింది.

పిల్లలు వెళ్లాక ఆమె అంగిటి సంగతంతా విని లోకనాథ్ మాస్టారు అన్నారు: "పలాసలో రాత్రి బండి ఉంది. విశాఖలో మా చెల్లెలు స్టేషనుకి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తుంది. సింహాచలమ్మని తోడు తీసుకెళ్లండి."

"రేపు వాళ్లొస్తారు కదా?"

"నేను దగ్గరుంటాను."

"తిరిగొచ్చాక నా తరగతి నాకిస్తారా, మాస్టారూ?"

ఆయన ఆమె సంచి అందుకుని ఆటో దాకా తనే మోశారు. "ముందు వెళ్లిరండి," అన్నారు. ఇస్తానని అనలేదన్న సంగతి ఆమె గమనించింది.

ఆటో కొబ్బరితోటల మధ్య గతుకుల్లో వెళుతుంటే సింహాచలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో ప్రమోదిని ముక్కు గట్టిగా మూసుకుని, చిన్నగా, "డాగ్," అంది. సరిగ్గా వచ్చింది. "బాల్," అంది. అదీ వచ్చింది. పలాస దీపాలు కనిపించేదాకా తనకు వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే అంటూ పోయింది. సింహాచలమ్మకు అవేవీ అర్థం కాలేదు. అయినా ప్రతి మాటకూ, "ఊఁ," అంది.

మర్నాడు విశాఖ వాళ్లు పిల్లల చేత చదివించుకుని, బాగుందని తలలూపి వెళ్లారు. వాన మళ్లీ పట్టిన రోజున, ఆపరేషను బల్ల మీదే ప్రమోదిని ప్రాణం పోయిందని మాస్టారి చెల్లెలి దగ్గర నుంచి కబురొచ్చింది.

మూడో తరగతిలో ఆమె కుర్చీని ఎవరూ జరపలేదు. దాని మీద గుండ్రటి అద్దం వెల్లకిలా ఉంది. దాని నిండా చిన్న చిన్న వేలిముద్రలు, వాటి మధ్య తేటగా మిగిలిన చోట పైకప్పు రేకు ఒక ముక్క కనిపిస్తోంది.