అమ్మ మాట లేని పుస్తకం

ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాను. రెండో కొస పట్టుకునేవాళ్లు లేక గడ్డం కింద నొక్కిపట్టి మడుస్తున్నాను. ముందుగదిలోంచి మామగారి గొంతు వినిపించింది. వచ్చే నెల మేమంతా బావగారి ఊరికి మారిపోవడం ఖాయమట, నేను ఉద్యోగం మానేయడం కూడా. "అందరం కూర్చుని అనుకున్నదే కదా. కోడలు కూడా ఉంది," అన్నారు. ఉన్నాను, నిజమే. రెండుసార్లు టీ ఇచ్చి, ఖాళీ కప్పులు తీసుకెళ్లాను.

ఊళ్లలో పథకాలు ఎలా నడిచాయో అంచనా వేయడం మా ఆఫీసు పని. జనం వాటిలో ఎంతవరకు పాలుపంచుకున్నారో కొలవడానికి తలా ఒక ప్రశ్న ఇవాళ్టికి రాసుకురమ్మన్నారు మా మేడమ్. 'ఎన్ని మీటింగులకు వచ్చారు?' అని అందరూ రాసేదే నేనూ రాశాను. రాశాక అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అమ్మ మా ఊరి నీళ్ల కమిటీలో సభ్యురాలు. మీటింగు రోజు బడి వరండా ఊడ్చి, చాపలు పరిచి, కుండలో నీళ్లు నింపేది. ఆడవాళ్లు వంటకి తొందరపడి వెళ్లిపోతారని సెక్రటరీ ముందే సంతకాలు పెట్టించుకునేవాడు. మీటింగు ఆ తర్వాతే. ఒకరోజు అమ్మ మాత్రం ఆగింది. కుళాయి చివరి వీధిలో పెడితే ముసలివాళ్లకు నడక తప్పుతుందని చెప్పింది. "రాసుకున్నాంలేమ్మా," అన్నాడాయన. కుళాయి ఆయన గుమ్మం ముందు వెలిసింది. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. మీటింగు సంగతులు రాసే పుస్తకం తిరగేశాను. అమ్మ సంతకం ఉంది, మాట లేదు. దారిలో ఆ సంగతి చెబితే బిందె చంక మార్చుకుని నవ్వింది. "పేరు రాశారు కదే. మాట కూడా రాస్తే పుస్తకం చాలొద్దూ?" ఆ తడి చీర వాసన, ఆ నవ్వు ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. ఆ నవ్వు వెనక ఏముందో మాత్రం ఇన్నాళ్లకు తెలిసింది.

రాసింది కొట్టేసి కొత్తగా రాశాను: 'మీరు చెప్పిన మాటవల్ల ఏ నిర్ణయమైనా మారిందా?' ఏ ప్రశ్నకైనా ముందు మనమే జవాబు చెప్పి చూసుకోవాలన్నది మేడమ్ నియమం. పెళ్లయి నాలుగేళ్లు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

మా ఆయన వచ్చి, టైపు చేయించిన రాజీనామా కాగితం దుప్పట్ల మీద పెట్టారు. "సంతకం పెట్టు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"నాకు మానాలని లేదు," అన్నాను.

"అంతా అయిపోయాకా చెప్పేది?" అన్నారు, కోపం కూడా లేకుండా.

కాగితం అలాగే వదిలి, సంచి భుజాన వేసుకున్నాను. ముందుగదిలోకి వచ్చాను. "ఎక్కడికమ్మా?" అన్నారు అత్తయ్య. చెప్పులు తొడుక్కుని, ఆఫీసు బస్సు కోసం వీధిలోకి నడిచాను.