కాటాయన సగటు

“వెయిటేజీ చూశావా నాన్నా?” అంది కూతురు, వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతూ.

కుళాయి హోరులో కాటాయనకు అది “వెయిటేశావా” అని వినబడింది.

“వేశానమ్మా. పొద్దున్నుంచి ముప్పై ఒక్క లారీకి వేశాను. నడుం పడిపోయింది.”

“లారీలకి వెయిటేజీ ఏంటి?”

“లారీలకి కాకపోతే చీమలకి వేస్తారా?”

కూతురు కుళాయి కట్టేసి, తడి చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. “నేనడిగేది నీ మార్కుల సంగతి. ఆదివారం పరీక్ష పెట్టుకుని, గురువారం సాయంత్రం ఈలలు వేసుకుంటున్నావు. ఏం చూసుకుని నీకింత ధీమా?”

ధీమాకు కారణం ఉంది. దాని కంటే ముందు మనిషి గురించి చెప్పాలి. ఊరి చివర పాత ఇనుము యార్డులో లారీలు తూచే కాటా ఉంది. పద్దెనిమిదేళ్ళుగా దాని పక్క గదిలో కూర్చునే ఆయన కాబట్టి కాటాయన. వినడానికి ఋషి పేరులా ఉంటుంది గానీ, గడ్డానికి బదులు గ్రీజు మరకలుంటాయి. ఇన్నేళ్ళు సామాను తూచి పంపినవాడికి, అది గోదాములోకి వెళ్ళాక ఏమవుతుందో తెలుసుకోవాలనిపించింది. సాయంత్రం కాలేజీలో గోదాము నిర్వహణ కోర్సులో చేరాడు. మొత్తం మీద నూటికి యాభై వస్తే పాసు.

“లెక్క చూసుకుని!” అన్నాడు కాటాయన. జేబులోంచి తూకం చీటీ తీసి వెనక వైపు చూపించాడు. “హాజరు తొంభై ఆరు. ఇంటిపని ఎనభై. మధ్యలో పెట్టిన పరీక్ష ముప్పై నాలుగు, అది వదిలెయ్. మొత్తం రెండువందల పది. ఆఖరి పరీక్షతో కలిపి నాలుగు. నాలుగింటికి సగటున యాభై రావాలంటే రెండువందలు చాలు. అంటే ఆఖరి పరీక్షలో సున్నా వచ్చినా మీ నాన్న పాసు. పైన పది మిగులు!”

“ఎవరు చెప్పారు ఇలా కలిపి భాగించమని?”

“ఒకరు చెప్పాలా? రోజూ చేసే పనేగా.”

అదీ నిజమే. యార్డు ఉన్నది గాలివాటు చోటు. గాలికి కాటా పళ్ళెం ఊగి, ముల్లు ఓ చోట నిలవదు. అందుకని ప్రతి లారీనీ మూడుసార్లు తూచి, కలిపి, మూడుతో భాగిస్తారు. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని వేల లారీలకు భాగించాడో! ఏ అంకెలు కనబడినా కలిపి భాగించెయ్యడం ఆయనకు ఆవలింత వచ్చినంత సహజం. సగటు మనిషికి సగటే తెలుస్తుంది మరి.

కూతురు మార్కుల కాగితం తెమ్మని, అడుగున ఉన్న చిన్న అక్షరాల వరస మీద వేలు పెట్టింది. “ఐదు, పదిహేను, ఇరవై, అరవై. ఇవేంటి?”

“ఫారం నంబరు.”

“నాన్నా! హాజరుకి నూటికి ఐదే విలువ. ఇంటిపనికి పదిహేను. మధ్య పరీక్షకి ఇరవై. ఆఖరి పరీక్షకి అరవై. దీన్నే వెయిటేజీ అంటారు. దేని బరువు దానిదే.”

పెన్సిలు తీసుకుని చకచకా వేసింది. తొంభై ఆరు హాజరు కాస్తా నాలుగు పాయింట్ ఎనిమిదికి చిక్కిపోయింది. ఎనభై ఇంటిపని పన్నెండైంది. ముప్పై నాలుగు ఆరు పాయింట్ ఎనిమిది. మొత్తం ఇరవై మూడు పాయింట్ ఆరు. మిగతాదంతా ఆఖరి పరీక్షలోంచే రావాలి. అంటే ఆదివారం నూటికి నలభై నాలుగు తెచ్చుకోవాలి.

కాటాయన పుస్తకం తెరిచి పద్నాలుగు రోజులైంది. లెక్క చేసిన రోజు నుంచి చదువుని లెక్కచెయ్యలేదు.

“పోనీలే, నలభై నాలుగేగా, కూర్చుంటే వచ్చేస్తాయి” అంది కూతురు, ఆయన మొహం చూసి.

ఆయన వినిపించుకోలేదు. ఆయన మొహం మాడింది తన నలభై నాలుగుకి కాదు. కూతురి చేతిలో పెన్సిలు లాక్కుని, చీటీ మీద మరో మూడంకెలు వేశాడు. వంద, డెబ్భై రెండు, ముప్పై. అవి వంటక్కవి.

వంటక్క ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేస్తుంది. క్లాసులో కాటాయన పక్క బెంచీ. ఆమె లెక్క కూడా ఈయనే వేశాడు. ఆమెది, అంబులెన్సు నడిపే సైరన్‌ది, అసలు క్లాసులో ఉన్న పద్నాలుగు మందిదీ వేశాడు. అంకెలంటే కాటాయనే అని అందరూ చీటీలు పట్టుకుని వరస కట్టారు. “సున్నా వచ్చినా పాసేనక్కా, పుస్తకాలు ఇచ్చెయ్!” అన్నాడు. ఆమె నిజంగానే లైబ్రరీలో ఇచ్చేసింది.

కొత్త లెక్కలో వంటక్కకు నలభై ఏడు కావాలి.

ముల్లు ఇప్పుడు కాటాలో లేదు, గుండెలో దిగింది.

శుక్రవారం మధ్యాహ్నం చెప్పేద్దామని క్యాంటీన్‌కి వెళ్ళాడు. నోరు తెరిచేలోపే వంటక్క గరిటె ఎత్తి నర్సులందరికీ చూపించింది. “ఇదిగో, ఈ తమ్ముడే! నన్ను సున్నాకి పాసు చేయించింది!”

నర్సులు చప్పట్లు కొట్టారు. కాటాయనకు నేల చీలితే బావుండుననిపించింది. అది గచ్చు నేల, చీలలేదు.

“స్టోర్ గదికి వెళ్ళి చూసొచ్చాను తమ్ముడూ” అంది వంటక్క గొంతు తగ్గించి, కుడి మోకాలు రుద్దుకుంటూ. “పాత స్టోర్‌కీపరు ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నాడు. సర్టిఫికెట్ ఉంటే ఆ పని నాకే ఇస్తామన్నారు. అక్కడ కుర్చీ ఉంది. చక్రాలది! పదకొండేళ్ళు నిలబడ్డాను, ఇక కూర్చుని దొర్లుతాను.”

“అక్కా, ఒక మాట…”

“తిన్నాక చెప్పు. కంచం పట్టు.”

పట్టాడు. తినలేదు. చెప్పనూ లేదు. “చెయ్యి కడుక్కుని వస్తా” అని వెళ్ళి, అటునుంచి అటే గేటు దాటేశాడు. నలభై టన్నుల లారీని నిలదీసి వెనక్కి పంపిన మనిషి, ఒక ఆడమనిషి మోకాలికి భయపడి పారిపోయాడు. బరువులు తూచేవాడికి పరువు బరువెంతో అప్పుడు తెలిసింది.

దారిలో ఓ ఆలోచన వచ్చింది. ఊరుకుంటే? ఫలితాలు వచ్చాక అందరూ తప్పుతారు, తానూ తప్పుతాడు, ప్రశ్నపత్రం కష్టం అనుకుంటారు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, దాన్ని చూసి తనకే రోత పుట్టింది. కాళ్ళు లైబ్రరీ వైపు తిరిగాయి. వంటక్క ఇచ్చేసిన పుస్తకం తన కార్డు మీద తీసుకున్నాడు. లోపల ఆమె పెట్టుకున్న గుర్తు అలాగే ఉంది: కూరగాయల జాబితా కాగితం, నలభై మూడో పేజీలో.

సాయంత్రం ఆఖరి క్లాసు. పాఠం చెప్పే మేడమ్ ఆయన కూతురి కంటే నాలుగేళ్ళు పెద్ద.

“ఏమైనా సందేహాలున్నాయా?” అంది.

కాటాయన లేచాడు. “సందేహం కాదు మేడమ్. సంజాయిషీ.” బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డుకి గట్టిగా నొక్కేసరికి సుద్ద రెండు ముక్కలైంది.

“సగటు తీస్తున్నావా అన్నా?” అన్నాడు సైరన్. అందరూ నవ్వారు. కాటాయన నవ్వలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“నేను మీకు వేసిచ్చిన లెక్కలన్నీ తప్పు” అన్నాడు బోర్డు వైపు తిరిగే. “యార్డులో ఒకే లారీని మూడుసార్లు తూస్తాం. అందుకని కలిపి భాగిస్తే సరిపోతుంది. ఇక్కడ తూచింది ఒకటి కాదు. హాజరు సైకిలు, ఇంటిపని ఆటో, మధ్య పరీక్ష వ్యాను, ఆఖరి పరీక్ష లారీ. నేను సైకిల్నీ లారీనీ ఒకే పళ్ళెంలో పెట్టి భాగించేశాను. మా అమ్మాయి వెయిటేజీ చూశావా అంటే, వెయిటేశావా అని విని లారీల కథ చెప్పాను. నా చెవీ తప్పే, నా లెక్కా తప్పే.”

ఐదు, పదిహేను, ఇరవై, అరవై అని రాసి, పద్నాలుగు మందివీ మళ్ళీ వేశాడు. వంటక్కది ఆఖరున. నలభై ఏడు అని రాశాక ఇటు తిరగలేకపోయాడు.

“మధ్యాహ్నం కంచం వదిలేసి పారిపోయింది ఇందుకా?” వంటక్క గొంతు.

“అవునక్కా.”

“అప్పుడే చెబితే నాకు మధ్యాహ్నమంతా కలిసొచ్చేదిగా.”

తిట్టినా బావుండేది. పుస్తకం తీసుకెళ్ళి ఆమె బెంచీ మీద పెట్టాడు. ఆమె తెరిచి, కూరగాయల కాగితం చూసి, నలభై మూడో పేజీ దగ్గరే వేలు ఉంచింది.

“రేపు సెలవు పెడతాను. నువ్వూ పెట్టు” అంది తలెత్తకుండా. “క్యాంటీన్ వెనక గదికి రా. నేను చదువుతాను, నువ్వు అడుగు. లెక్కలు మాత్రం మీ అమ్మాయి చేత వేయించు.”