తిరిగొచ్చిన పసుపు గౌను

పొద్దున్నే షాపు షట్టరు ఎత్తేసరికి నాలుగైదు బట్టలు గుమ్మంలో నిలబడి ఉంటాయి. అమ్మ కుట్టిన బట్టలు అంతే. బిగుతైనా వదులైనా, సరిచేయించుకోడానికి వాటంతటవే నడుచుకుంటూ వచ్చేస్తాయి. పోస్టుమాను చొక్కా అయితే నెలకోసారి.

"మీ సారు పొట్ట మళ్లీ ముందుకొచ్చిందా?" అని దాన్ని ఆటపట్టిస్తూ అమ్మ కుట్లు విప్పుతుంది.

ఈమధ్య వారం వారం మేడ మెట్లు దిగొచ్చేది కూతురి గౌను. "గుడ్డ సాగిపోతోందే! ఆ బట్టల కొట్టాయన నన్ను ముంచేశాడు" అని అమ్మ దాన్ని లోపలికి కుట్టేస్తోంది. కూతురు మాత్రం మనసులో మురిసిపోతుంది.

ఫోన్లో తనకో గుంపుంది. మొహాలు తెలీని ఆడపిల్లలు. తినలేదంటే పువ్వుల బొమ్మలు పెడతారు. తిన్నానంటే పలకరు. "మీ ఇంట్లోవాళ్లకి నువ్వు అర్థంకావు, మేమున్నాం" అంటారు. అందులో పిచ్చుక అనే పిల్లంటే తనకి ప్రాణం. ఆ పిల్ల పుట్టినరోజుకి కొలతలు అడిగి, అమ్మచేత పసుపు గౌను కుట్టించింది. కుట్టడం అవగానే గౌను దాని దారిన అది వెళ్లిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం తిరిగొచ్చింది. అంచంతా దుమ్ము. నిలబడలేక గోడకి ఆనుకుంది. అమ్మ టేపు పట్టుకుని నడుం దగ్గర ఎంత బిగించాలో కొలవబోయి ఆగిపోయింది.

"ఇందులో మనిషుందా అసలు?"

కూతురు గబగబా ఫోన్ తీసింది. పిచ్చుక నాలుగు రోజులుగా పలకట్లేదు. చివరిసారి రాసింది ఒకటే: "లేవలేకపోతున్నా, భయమేస్తోంది." దానికింద అందరూ "నువ్వే గెలిచావ్" అని పువ్వులు పెట్టారు. అందులో ఒక పువ్వు తనదే.

ఫోన్ తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కూడబలుక్కుని మొత్తం చదివింది. టేపు పక్కనపెట్టి కూతురి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఇన్నాళ్లూ గౌనునే చూశానే. నిన్ను చూళ్లేదు."

"తిట్టవా?"

"తర్వాత తిడతాలే. ఆ పిల్లకి ఎవరున్నారు?"

"తెలీదమ్మా. ఊరు కూడా తెలీదు."

పసుపు గౌను, దారి తనకి తెలుసన్నట్టు, మెల్లిగా వీధిలోకి దిగింది. అమ్మ షట్టరు దించేసింది. ముగ్గురూ బయల్దేరారు.

వీధి మలుపులో కూతురు నిలబడిపోయింది. ఇంకెంత దూరముందో.

"అమ్మా, నాకు నడిచే ఓపిక లేదు. ఏమన్నా తిని వెళ్దాం."

గౌను వెనక్కొచ్చి, టిఫిన్ కొట్టు ముందు బల్లమీద కూతురి పక్కనే కూర్చుంది. ఆమె తినేదాకా కదల్లేదు.