సొరపందిరి కింద కారు

మా తమ్ముడి కొడుకు అజయ్ బాబు తెనాలిలో కార్ల షోరూము సర్వీసు షెడ్డులో పని మానేసి, ఇంటింటికీ వెళ్ళి కార్లు కడిగి మెరుగుపెడతానన్నాడు. బాపట్లలో అద్దె కార్లు తిప్పే కనకదుర్గగారు, శనివారం వచ్చి ఒక కారు కడిగి చూపించమన్నారు. నచ్చిందా, ఆవిడ కార్లన్నీ వీడివే. నచ్చలేదా, వీడు మళ్ళీ ఆ షెడ్డుకే పోయి, వచ్చేటప్పుడు ఏ సూపర్‌వైజర్ని నాలుగు మాటలని వచ్చాడో ఆయన ముందే చేతులు కట్టుకుని నిలబడాలి.

ఇక కావలసిందల్లా నీళ్ళు చిమ్మే మిషను. తెనాలిలో ఒక కొట్టుకి నన్నూ వెంటబెట్టుకుపోయాడు. కొట్టతను ఓ పెద్ద మిషనుకి సన్నటి మూతి తగిలించి పాత రేకు మీదికి వదిలాడు. రేకు మీద రంగు ఉల్లిపొరలా లేచిపోయింది. మా చిన్నతనంలో తుపాను గాలికి మా పంతులుగారి పిలక ఊడి చేబ్రోలులో పడిందని నేను నలభై ఏళ్ళుగా చెప్పుకొస్తున్నాను గానీ, నీళ్ళకి ఇంత కోపం ఉంటుందని మాత్రం ఎరగను. అజయ్ నవ్వి, చిన్న మిషనొకటి ముందుకు లాగి, వెడల్పు మూతి పెట్టి చూపించాడు. నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని బురదను మాత్రం తీసుకుపోయాయి. రంగు కదల్లేదు. తొట్లో నీళ్ళు తనే పీల్చుకుంటుందట, ఇంట్లో ప్లగ్గుకి పెడితే చాలట, ఒక్కడే ఎత్తుకోవచ్చట.

"కారుకి బలం కాదు పెదనాన్నా, ఒడుపు కావాలి" అన్నాడు.

అప్పుడే కొనేసేవాడు. సరిగ్గా అదే సమయానికి వాడి మామగారు ప్రకాశం రేపల్లె నుంచి ఫోను చేశాడు. పొలానికి మందు కొట్టే ఇంజను ఇంట్లో ఉండగా బజారులో మిషను కొనడమేంటని ఆయన బాధ. రోడ్డు పక్కన లారీలు కడిగేచోట ఆడేదీ ఆ పంపేనట. ఎకరాలకెకరాలు తడిపిన పంపుకి కారొక లెక్కా అన్నాడట. ఆ మాటలో అబద్ధం లేదు కూడాను. అల్లుడు మామగారి మాట తీసెయ్యలేకపోయాడు.

శనివారం పొద్దున్నే ప్రకాశం ట్రాలీ ఆటోలో ఇంజనూ, నీలం డ్రమ్మూ, పొలం ఈ కొస నుంచి ఆ కొసకి సాగే పసుపు పైపు చుట్టా వేసుకుని మా గుమ్మం ముందు దిగాడు. డ్రమ్ము సబ్బు పెట్టి తనే తోమానని, వాసన చూడమని నా తల అందులోకి వంచాడు. వియ్యంకుణ్ణి డ్రమ్ములో ముంచాలన్న కోరిక ఆయనకి పెళ్ళినాటి నుంచీ ఉంది. డ్రమ్ము మాత్రం అద్దంలా ఉంది.

కనకదుర్గగారి ఆవరణలో కార్లకి నీడ సొరపందిరి. ఒక్కో కాయ పసిపిల్లంత. సాయంత్రం కోసి వీధంతా పంచుతానన్నారావిడ. నేను ఊరుకోలేదు. మా అమ్మమ్మగారి సొరకాయని తొలిచి పడవ చేసుకుని మా మేనమామలు కాలవలో తెనాలి సంతకి వెళ్ళేవారని, అయినా ఈ కాయల ముందు అది దొండకాయేనని చెప్పాను.

"బావగారు కత్తి లేకుండానే సొరకాయలు కోసేస్తున్నారండి" అన్నాడు ప్రకాశం. ఆవిడ నవ్వారు.

అజయ్ పందిరి కింద తెల్లకారుకి పని మొదలుపెట్టాడు. ఇంజను దడదడలాడింది. కారు కప్పు మీద కొట్టిన నీళ్ళు తుంపరై లేచి పందిరినంతా తడిపాయి. తుడిచి, మెరుగు పెట్టేసరికి కనకదుర్గగారు కారు తలుపులో చూసుకుని బొట్టు సరిచేసుకున్నారు. భోంచేసి వెళ్ళండి, మిగతా కార్ల సంగతి మాట్లాడుకుందాం అన్నారు. అజయ్ మొహం చూడాలి. ప్రకాశం అయితే పప్పులో నెయ్యి తనే కాచినంత దర్జాగా వడ్డించుకున్నాడు.

భోజనాలయ్యి బయటికొచ్చి ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయాం.

పొద్దున ఏనుగు చెవుల్లా ఉన్న ఆకులు మధ్యాహ్నానికి తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. కొన్నిటి మీద చుట్ట కాల్చి పెట్టినట్టు గోధుమరంగు మచ్చలు. మేం చూస్తుండగానే ఒక ఆకు తెగి తళతళలాడే బానెట్టు మీద పడింది. ఎవరూ ముట్టుకోలేదు.

కనకదుర్గగారు మెల్లగా నా వైపు తిరిగారు. అరవలేదు. లోపలికి కేకేసి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెమ్మన్నారు. పొగిడి పొగిడి పచ్చని పాదుని కళ్ళతోనే కాల్చేశాను కదా. నా కన్ను అంత గొప్పదని నాకే అప్పటిదాకా తెలియదు.

ప్రకాశం మాత్రం నన్ను ఎగతాళి చెయ్యలేదు. చెయ్యకపోవడంతో నాకు భయం వేసింది. ఆయన పైపు చివర ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం మాడిపోయి, అల్లుణ్ణి పక్కకి లాగాడు. మా వైపు మందు కొట్టే ఇంజను ఒక ఇంట నిలవదు. అడిగినవాడు పట్టుకుపోతాడు, పనయ్యాక చావిట్లో పెట్టి వెళతాడు. దేనికి వాడావని అడగడం మర్యాద కాదు. మొన్న పక్క పొలంవాళ్ళు గట్ల మీద గడ్డిమందు కొట్టి తెచ్చిపెట్టారట. ఈయన డ్రమ్ము తోమాడు. ఆ పొడుగాటి పైపు కడుపులో నిలిచిన మందు సంగతి తోచలేదు.

ఆవిడే దిష్టంటోంది, పోనియ్యి, నోరెత్తకు అని ఆయన అల్లుడి చెయ్యి నొక్కాడు. నేనూ కళ్ళతో అదే చెప్పాను. నా కంటికి వచ్చిన చెడ్డపేరుతో కుర్రాడి బతుకు నిలబడితే నాకొచ్చిన నష్టమేముంది?

అంతలో కనకదుర్గగారు కత్తిపీట తెప్పించారు. కాయలైనా వాడిపోకముందే కోసి పంచేద్దామని స్టూలు ఎక్కబోయారు.

"కొయ్యొద్దండి" అన్నాడు అజయ్.

ఆవిడ ఆగారు.

"దిష్టి కాదండి. పైపులో గడ్డిమందు ఉండిపోయింది. నేను చూసుకోలేదు. ఆ కాయలు ఎవరూ తినకూడదండి."

"తింటే?"

వాడు తల దించుకున్నాడు. "ప్రాణానికే ముప్పండి."

స్టూలు మీద వేసిన కాలు ఆవిడ కిందికి దించారు. అప్పుడు తిడతారని మేం కాచుకున్నాం. ఆవిడ వాడి తడి చొక్కా వైపు చూసి కొయ్యబారిపోయారు.

"పొద్దుట్నుంచీ ఆ నీళ్ళలోనే నానావు కదరా! అన్నం కూడా ఆ చేతుల్తోనే తిన్నావా?"

చెంచాతో తిన్నానన్నాడు, చేతులు సబ్బుతో కడుక్కున్నానన్నాడు. ఆవిడ వినలేదు. దొడ్లో కుళాయి కిందికి తోసి సబ్బు బిళ్ళ అరిగేదాకా స్నానం చేయించి, డ్రైవరు చొక్కా ఒకటి ఇప్పించి, దారిలో డాక్టరుకి చూపించుకోమని నాతో ఒట్టేయించుకున్నారు. ఈలోగా నేనూ ప్రకాశం చేతులకి సంచులు కట్టుకుని కాయలూ ఆకులూ గొయ్యి తీసి పూడ్చాం.

బయల్దేరేటప్పుడు ఆవిడ గేటు పట్టుకుని, అజయ్‌ని మాత్రమే చూస్తూ అన్నారు. "వచ్చే శనివారం ఒక కారు బయట రోడ్డు మీద పెడతాను. కొత్త మిషనుతో వచ్చి కడుగు. అది చూశాక మిగతావి. ఈ ఇంజను మళ్ళీ మా వీధిలో కనపడకూడదు."

వాడు తలూపాడు.

ఇక పైపు మిగిలింది. అందులో ఇప్పుడు మందు చుక్క కూడా లేకపోవచ్చు. అయినా కాలవలో గానీ, ఎవరి గుమ్మం ముందు గానీ ఒలుకుతుందేమోనని ప్రకాశం దాని రెండు కొసలూ రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుని ట్రాలీలో కూర్చున్నాడు. పొన్నూరు దాటినా దించలేదు. బస్సుల్లోవాళ్ళు తొంగి చూశారు. నేనూ ఆటపట్టించలేదు. అంత మంచి అవకాశం వదులుకోవడం నా జన్మలో అదే.

డాక్టరు చూసి పంపాక తెనాలి కొట్టు ముందు ఆటో ఆగింది. అజయ్ దిగి లోపలికి పోయి, ఆ చిన్న మిషను దగ్గర నిలబడి మూతులన్నీ ఒక్కొక్కటిగా తగిలించి చూసుకున్నాడు. ప్రకాశం ట్రాలీలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. అది కాదు, ఆ పక్కది అని వేలు చూపించడానికి ఆయనకి చేతులు ఖాళీ లేవు.