రెండు ఎంగిళ్ల మధ్య

గొడుగు కమ్మీకి గోధుమపిండి చుట్టి, పీట మీద అరచేత్తో దొర్లిస్తుండగా కార్డు వచ్చింది. అలా దొర్లించి కమ్మీ లాగేస్తే పిండి సన్నటి గొట్టంలా మిగులుతుంది. దాన్ని వేలి కణుపంత ముక్కలుగా కోసి ఎండలో ఆరబెడితే, మిషన్ దొరసాని బంగళాలో అందరూ మెచ్చుకునే మెకరోని అదే. యుద్ధం మొదలయ్యాక సీమ డబ్బాలు రావడం ఆగిపోయింది. అప్పటినుంచి మదనపల్లెలో మెకరోని అంటే నా అరచేతులే.

కార్డు మిషన్ ఆస్పత్రి నుంచి. మా అమ్మాయి ప్రేమకుమారి నర్సు పరీక్ష పాసయింది. శనివారం సాయంత్రం బంగళా తోటలో కొత్త నర్సులకు టోపీలు పెట్టే సభ, వెంటనే టీ పార్టీ. పైన అచ్చులో "శ్రీ అహరోను గారికి, శ్రీమతి హన్నమ్మ గారికి" అని ఉంది. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. పిండి చేత్తో పట్టుకున్నానేమో, పేరు మీద తెల్లగా పడింది. కొంగుతో తుడిస్తే ఇంకాస్త అలుక్కుపోయింది.

"నీకు కార్డెందుకు పంపినారో! నువ్వెట్లాగూ ఆడనే ఉంటావు గదా" అన్నారు మా ఆయన అహరోను. వెటకారం కాదు. ఆయనకు వెటకారం రాదు. ఆస్పత్రిలో కాంపౌండరు, చుక్కలు లెక్కపెట్టి మందు కలిపే మనిషి, పురుగును కూడా కాగితంతో ఎత్తి బయట వదిలే రకం. అలాంటి మనిషి అన్న మాట కాబట్టే నాకు ఎక్కువ గుచ్చుకుంది. కోపిష్టి మొగుడైతే తిట్టుకునే సుఖమైనా ఉండేది.

పదకొండేళ్ల కిందట బంగళా వంటమనిషికి జ్వరం వస్తే, "మీ భార్యను ఒక్క పూట పంపండి" అని దొరసాని ఆయన్ని అడిగింది. నన్నెవరూ అడగలేదు. ఆ ఒక్క పూట ఇంకా అవలేదు. కాంపౌండరు భార్యకు కూలి ఇస్తే ఆయనకు చిన్నతనమట, అందుకని ఇవ్వలేదు. దానికి బదులు పొగిడేవారు. నా చెయ్యి పడందే పార్టీ కాదన్నారు. పొగడ్త కూడా పలుపుతాడు లాంటిదేనని తెలిసేసరికి నా తల నెరవడం మొదలైంది. ఇంట్లో రాగి సంగటి కెలికి, అత్తకు వేన్నీళ్లు పెట్టి, గుడ్డలుతికి, అప్పుడు బంగళాకు పోయి చీజు తురిమేదాన్ని. సాయంత్రం తిరిగొస్తే, "యాడ పెత్తనాలు చేసొస్తివి ఇంత సేపు?" అని అత్త విమలమ్మ ప్రశ్న.

నిజం చెప్పాలంటే ఆ పని అంటే నాకిష్టం. అదే నా ఖర్మ. దొరసాని నేర్పింది మెకరోనిని ఒక పెద్ద గిన్నెలో కాల్చి ముక్కలు కోసే వంట. పార్టీకి వచ్చినవాళ్లు నిలబడి ఒక్క ముద్దలో తినేట్టు చిన్నవి చేద్దామన్నది నేను. ఆమె చిన్న రేకు అచ్చులు తుప్పు పట్టిపోతే, మా పుట్టింటి ఊరు పుంగనూరులో మునిరాజు అనే కుమ్మరి చేత కొత్త ప్రమిదలు చేయించింది నేను. చీజు కూడా నా చేతిదే. పుంగనూరు ఆవు చూడ్డానికి మేక కంటే కాస్త పెద్దది, అంతే, కానీ పాలు మాత్రం సగం మీగడే. ఆ పాలలో దొరసాని ఇచ్చిన మాత్ర వేసి పేరబెట్టి, గుడ్డలో కట్టి, రాయి బరువు పెట్టి నెల రోజులు కాచుకోవాలి. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి చిక్కబరిచి, ఉడికిన మెకరోని, చీజు తురుము కలిపి ప్రమిదల్లోకి ఎత్తి, పైన ఇంకాస్త తురుము చల్లి ఇటుకల పొయ్యిలో పెడితే, ఐదారు నిమిషాల్లో అంచులు బుసబుసమంటూ పొంగుతాయి. వేరుశనగ వ్యాపారి రెడ్డెప్ప భార్య రాజేశ్వరమ్మ మొదటిసారి ఆ ప్రమిదను చూసి కళ్లకద్దుకుని, వత్తి యాడని వెతికింది. మా అత్త మాత్రం, "దేవుని బిడ్డలకు ప్రమిదలెందుకే!" అని వారం రోజులు సాధించింది.

ఇన్ని చేశాను గదా, ఒక్కటి కూడా తినలేదు. ఎవరైనా నమ్ముతారా? మా అత్త చిన్నప్పుడే క్రీస్తును నమ్ముకుని పాతవన్నీ వదిలేసింది కానీ ఎంగిలిని మాత్రం వదల్లేదు. వండే మనిషి రుచి చూడకూడదు, వాసనతోనే చెప్పాలి. ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలో చారు చుక్క నాలుక మీద వేసుకున్నానని ఆ చారంతా పారబోయించింది. అప్పటినుంచి నా ముక్కే నా నాలుక. బంగళాలోనూ అదే అలవాటు. వడ్డించకముందు తింటే అది వాళ్లకు ఎంగిలి, వడ్డించాక మిగిలింది తింటే అది నాకు ఎంగిలి. ఈ రెండు ఎంగిళ్ల మధ్య ఎక్కడో, వేడిగా, పొగలు కక్కుతూ ఒక ప్రమిద ఉండే ఉంటుంది. అది నాకెప్పుడూ దొరకలేదు.

కార్డు వచ్చిన సాయంత్రమే ప్రేమ హాస్టలు నుంచి వచ్చింది. సోమవారం కుప్పం దవాఖానాలో చేరాలి, దాని పెట్టె సర్దుతున్నాను.

"అమ్మా, నువ్వు ముందు వరసలో కూచోవాల" అంది.

"సూస్తాంలే."

"సూస్తాంలే కాదు. టోపీ పెట్టినాక ప్రతి నర్సూ మొదటి ప్లేటు తన చేత్తో వాళ్లమ్మకు ఇయ్యాల. నువ్వు లేకపోతే నేనెవరికియ్యాల?"

ఆ సంగతి నాకు తెలియకనా? ఏడాదికొకసారి ఆ ప్లేట్లలో పెట్టే ప్రమిదలు పొయ్యిలోంచి తీసేది నేనే. వంటింటి కిటికీలోంచి ఎంతమంది తల్లుల్ని చూశానో! కొత్త చీర మడతలు విప్పని తల్లులు, ప్లేటు ఎలా పట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్న తల్లులు, ఏడ్చేవాళ్లు. నా వంతు ఎప్పుడొస్తుందా అని నేనూ ఎదురుచూశాను. వచ్చేసరికి అదే రోజున పొయ్యి దగ్గర ఉండే మనిషినీ నేనే అయ్యాను. ముందే చేసి పెడదామంటే చల్లారిన చీజు తోలులా సాగుతుంది, ఎవరూ ముట్టరు.

"దానికేముందే, బిడ్డే ప్లేటు తీసుకోని వంటింట్లోకి వస్తాది" అన్నారు ఆయన, ఎంతో మంచి ఉపాయం దొరికినట్టు.

ప్రేమ అప్పటికే మడత పెట్టిన తెల్ల గౌనునే మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. అది చిన్నప్పటినుంచీ అంతే, ఏడుపు వస్తే చేతికి పని చెబుతుంది. ఆ గుణం నాదే. అది నా దగ్గర నేర్చుకోవాల్సింది ఇదా అనిపించింది.

మర్నాడు ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు, "శనివారం పొయ్యి కాడ మీరు నిలబడండి" అన్నాను.

"నేనా?" అని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "కోటేసుకోని పొయ్యి కాడనా? కాంపౌండర్నే నేను! దొర సూస్తే ఏమనుకుంటాడు?"

"నన్ను పదకొండేండ్లు సూసినారు గదా. ఏమనుకున్నారో అదే అనుకుంటారు."

"నాకు వంట రాదు గదే."

"మందు ఒక్క చుక్క ఎక్కువైతే మనిషి సచ్చిపోతాడని మీరే అంటారు. అంత పని వచ్చినోళ్లకు ఐదు నిమిషాలు గడియారం సూడను రాదా?"

ఆయన ఔననకుండానే ముద్ద ఆకులో వదిలి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

శనివారం మధ్యాహ్నమే ప్రమిదలన్నీ నింపి వరసగా పెట్టాను. తోటలో కుర్చీలు వేశారు. గంట కొట్టారు. ఆయన కోటు వేసుకుని నన్ను పిలవడానికో, పొయ్యి చూడ్డానికో తనకే తెలియని మొహంతో గుమ్మంలో నిలబడ్డారు. మసిగుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను. "పాట అయిపోయినాక లోపల పెట్టండి. అంచు బంగారు రంగు రాంగానే తియ్యండి" అని చెప్పి వెనక్కి చూడకుండా నడిచాను. చూస్తే తిరిగి వెళ్లిపోతానని నాకు తెలుసు.

ముందు వరసలో రాజేశ్వరమ్మ పక్కన కూర్చున్నాను. ప్రేమ తల వంచింది, తెల్ల టోపీ పెట్టారు. నేను సంతోషంగా చూడొద్దూ? ముక్కు మాత్రం వంటింటి వైపే ఉంది. పాట అయింది. చీజు కరుగుతున్న వాసన వచ్చింది. తర్వాత పొంగుతున్న వాసన. ఇప్పుడు తియ్యాలి, ఇప్పుడే. ఎవరూ రాలేదు. కాస్త మాడు వాసన తగిలింది. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. మాడితే మాడనీ అనుకున్నాను. ఆ మాట నా జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

దొరసాని నా ముందు ఆగిపోయింది. "హన్నమ్మా, మీరు ఇక్కడ కూర్చుండి యున్నారు! మరి లోపల ఎవరున్నారు?"

"ప్రేమకుమారి నాయన ఉండారమ్మా."

ఆమె ఒక్క క్షణం వంటింటి వైపు చూసి, "మంచిది" అని, పక్క బల్ల మీది కెటిల్ తీసుకుని నాకు తనే టీ పోసింది.

అప్పుడు వచ్చారాయన. రెండు చేతులా పళ్లెం, కోటు మీద పిండి, నుదుటి మీద మసి. అంచులు బంగారు రంగు దాటి కాస్త నల్లబడ్డాయి. ఆయన పళ్లెం కంటే ముందు నన్ను చూశారు, పరీక్ష రాసిన పిల్లాడు పంతుల్ని చూసినట్టు. ప్రేమ ఒక ప్రమిద ప్లేటులో పెట్టుకుని వచ్చి, వంగి నా చేతికిచ్చింది. "తినమ్మా, వేడిగా ఉండాది" అంది. దాని కళ్లలో నీళ్లు, నా కళ్లలోనూ.

నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. మెకరోని మెత్తగా, చీజు కమ్మగా ఉంది. ఇంకా ఏదో కావాలి. రెండోసారి నమిలాక తెలిసింది.

"ఉప్పు తక్కువ" అన్నాను పైకే.

ఆయన మొహం పాలిపోయింది. "నేనేమీ ముట్టలేదే!"

"మీరు కాదు. నేనే."

రాజేశ్వరమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "ఎప్పుడూ ఇంతేనమ్మా. దొరల తిండి గదా, సప్పగానే ఉంటాదేమో అనుకుంటిమి."

వెనకే నిలబడ్డ దొరసాని మొహం ఎర్రబడింది. "మీ తెలుగువారికి ఈ ప్రకారము ఇష్టమని నేను తలంచితిని" అంది. నాకు నవ్వు ఆగలేదు. ప్రేమా నవ్వింది. అంతమంది ఇన్నేళ్లు తిన్నారు, బాగుందన్నారు, ఎవరి మొహమాటం వాళ్లది. నా నాలుకను ఒక్కసారి అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేది.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. పప్పు చేశాను. ఆయన, ప్రేమ ఆకుల ముందు కూర్చున్నారు, అత్త గోడకానుకుని కూర్చుంది. వడ్డించబోయి ఆగాను. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని, అందరి ముందూ నాలుకకు రాసుకున్నాను. చిటికెడు ఉప్పు వేసి కలిపాను.

"ఎంగిలి చేస్తివి గదే!" అంది అత్త.

"అవునత్తా. ఇంకమీదట రోజూ చేస్తా. పారబోయాలంటే చెప్పు, పారబోస్తా."

ఆయన నెమ్మదిగా తన ఆకు నా వైపు జరిపారు. అత్త కుండ వైపు చూసింది, నా వైపు చూసింది. అరవై ఏళ్లు ఆమె కూడా వాసనతోనే వండింది. ముడతలు పడ్డ కుడి అరచెయ్యి ముందుకు చాచింది.

"ఏదీ, నాకూ ఒక చుక్క ఎయ్యి. సూస్తా."