కూతకు లేవని వీధి

డియోలిండా కళ్ళెదుటే ఫిర్మీనాను గేటు బయటికి నెట్టేశారు. ఒల్యావ్ రేవులో చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల కట్టడి ఒకటే. చేపల పడవ ఏ వేళకొస్తే ఆ వేళకే ఫ్యాక్టరీ సైరన్ కూత. పావుగంటలో ఆడవాళ్ళంతా బల్లల ముందుండాలి. ఫిర్మీనా పసిబిడ్డ నోట్లోంచి రొమ్ము లాక్కోలేక ఆలస్యం చేసింది. చేసిన తప్పు అంతే.

"బిడ్డ ఆగుతాడు, చేప ఆగదు. ఇక రానక్కర్లేదు నువ్వు," అంది మేస్త్రీ గ్రసిందా.

నూటయాభై మంది తలలు వంచుకుని చేపల తలలు తుంచారు. డియోలిండా కూడా తుంచింది. మొగుడి శవం ఇంట్లో ఉండగా కూత విని లేచొచ్చిన మనిషి ఆమె. ఇరవైరెండేళ్ళ పనిలో మొదటిసారి ఆ రోజు తలుచుకుని తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు వీధి ఆడవాళ్ళు బట్టలుతికే తొట్టి దగ్గర మాట లేవనెత్తింది. "ఫిర్మీనాను పిలిచేదాకా కూతకు ఎవ్వరం లేవొద్దు."

"నీకేం వదినా, ఒంటిదానివి. నాకు మూడు నోళ్ళు తెరుచుకుని కూచున్నాయి," అంది జుల్మీరా, బట్టను బండకేసి బాదుతూ.

"ఇన్నాళ్ళూ వెళ్ళావుగా, నిండాయా?"

"మనం పోకపోతే పక్క ఫ్యాక్టరీ వాళ్ళని తెచ్చుకుంటారు!" అంది ఇంకొకామె.

"ఆళ్ళ కూత వేరు, మన కూత వేరు. మన కూతకు రావద్దని ఆళ్ళకి నేను చెబుతా."

"చెప్పి జైల్లో కూచుంటావు."

"మంచిదేగా. కూచునే తీరిక ఎప్పుడు దొరికింది గనక?"

నవ్వారు గానీ ఒప్పుకోలేదు. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగింది డియోలిండా. కొందరు తిట్టారు, ఒకామె మొహం మీదే తలుపేసింది. ఆకలి, కాళ్ళనొప్పులు. అయినా లోపల ఏదో వెలుగు. పండగనాటి సంతోషం గ్లాసెడు ద్రాక్షసారాతో వచ్చి పొద్దుగూకేసరికి పోయేది. ఇది తలుపులు మూసుకుపోయినా పోవడం లేదు.

నాలుగో రోజు పొద్దున కూత మోగింది. ఒక్కొక్కరే ఒప్పుకున్న ఆడవాళ్ళంతా గడపల మీద బంగాళాదుంపలు చెక్కుతూ కూచున్నారు. రెండోసారి మోగింది. జుల్మీరా కాళ్ళు వాటంతటవే లేచాయి. ఫిర్మీనా ఆమె పావడా పట్టి కూచోబెట్టింది. మూడోసారీ మోగి ఆగింది. గ్రసిందా పరుగెత్తుకొచ్చింది.

"చేపంతా ఎండకు కుళ్ళుతోంది, సిగ్గులేని ముండల్లారా!"

"నువ్వెళ్ళి తుంచమ్మా, చేతులున్నాయిగా!" అంది గడప మీంచి ఒకామె.

వీధంతా గొల్లుమంది.

మధ్యాహ్నానికి గుర్రాల మీద జవాన్లు దిగారు. "ఎవరు ఎగదోశారు?"

"నేనే," అంది డియోలిండా.

"నీకేం ఒరిగిందే, ముసలిదానా?"

ఆమె నవ్వింది. జవాను చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లింది, నవ్వు పోలేదు. "చెప్పినా నీకు తెలీదు బాబూ. నువ్వింకా ఎవరో కూస్తేనే లేస్తున్నావు."

చేతులు కట్టి గుర్రం వెనక నడిపించారు. పక్క ఫ్యాక్టరీ వాళ్ళ వీధి మలుపులో ఆమె తల తిప్పి చూసింది. ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని జుల్మీరా మొదటి ఇంటి తలుపు బాదుతోంది.

"ఎవరదీ?" లోపల్నుంచి విసుగ్గా.

"బయటికి రా అక్కా! మా కూతే కాదు, మీ కూత సంగతీ మాట్లాడాలి."